గలతీ పత్రికపై మూడు రోజుల రిట్రీట్: బోధకు ఐదు మార్కులు, తీర్మాన పత్రానికి ఒకటి

పాలకొల్లు నుంచి నరసాపురం వెళ్లే దారికి కాస్త లోపలగా, కాలువ గట్టు పక్కన కొబ్బరితోటలో ఉన్న ఒక రిట్రీట్ (ధ్యాన శిబిరం) కేంద్రంలో గత నెల గురువారం సాయంత్రం నుంచి ఆదివారం మధ్యాహ్నం దాకా గడిపి వచ్చాను. అంశం అపొస్తలుడైన పౌలు గలతీయులనే తొలి సంఘాలవారికి వ్రాసిన పత్రిక, అంటే బైబిల్లోని ఒక ఉత్తరం. ఇంకా విడమరచి చెప్పాలంటే, విశ్వాసంతో మొదలైన క్రైస్తవ జీవితాన్ని సొంత ప్రయాసతో నెట్టుకురాబోయి మనం ఎందుకు అలసిపోతామన్న ప్రశ్న. మనిషికి 1,800 రూపాయలు తీసుకున్నారు. బస, భోజనం, ఒక నోట్సు పుస్తకం అందులోనే. కేంద్రం పేరు కావాలనే రాయడం లేదు. నేను మెచ్చుకున్నవి బోధకుడివి, ఆక్షేపించినవి నిర్వాహకులవి. ఆ రెండో రకం సంగతులు ఇలాంటి కూడికలకు తరచుగా వెళ్లేవారికి వేరే చోట్ల కూడా తగిలే ఉంటాయి.

1842లో ఫాదర్ హయ్యర్ గుంటూరులో మొదలుపెట్టిన లూథరన్ మిషన్ నీడలో పెరిగిన కుటుంబం మాది. కన్ఫర్మేషన్‌కు, అంటే సంఘంలో పూర్తి సభ్యుడిగా చేర్చుకునే ఆచారానికి ముందు, జర్మన్ మత సంస్కర్త మార్టిన్ లూథర్ రాసిన చిన్న క్యాటకిజమ్ (ప్రశ్నోత్తరాల బోధ పుస్తకం) అప్పజెప్పాల్సి వచ్చేది. 1529లో వ్రాసిన ఆ పుస్తకంలో, విశ్వాస ప్రమాణపు మూడో భాగానికి ఇచ్చిన వివరణ ఒక విచిత్రమైన ఒప్పుకోలుతో మొదలవుతుంది: నా సొంత తెలివితో గాని బలంతో గాని నేను క్రీస్తును నమ్మలేను, ఆయన దగ్గరికి రాలేను అని. అంటే నమ్మడం కూడా మన ఘనకార్యం కాదన్నమాట. పదమూడేళ్ల వయసులో దాన్ని గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పి మార్కులు తెచ్చుకున్నాను. ఆ తర్వాత బ్యాంకులో 34 ఏళ్లు లెక్కలు సరిచూసి, రిటైరయ్యాక ఆ అలవాటునే భక్తిలోకి తెచ్చుకున్నాను. ప్రతి జనవరిలో 21 దినాల ఉపవాస ప్రార్థన, తెల్లవారుజామున నాలుగింటికి అలారం, ఏడాదిలో బైబిలు ముగించే పట్టిక, చదివిన అధ్యాయానికి టిక్కు. రెండేళ్లకు ఎక్కడికి చేరానంటే, అలారం మోగగానే నాకు ముందుగా గుర్తుకొచ్చేది దేవుడు కాదు, నిన్న మానేసిన అధ్యాయం. ఆ స్థితిలో ఈ రిట్రీట్ ప్రకటన కంటపడి డబ్బు కట్టాను.

వసతి సంగతి త్వరగా చెప్పేస్తాను. గదికి ముగ్గురు, శుభ్రమైన దుప్పట్లు, పొద్దున్న ఐదున్నరకు టీ. శనివారం మధ్యాహ్నం పెట్టిన చేపల పులుసు గురించి ఎవరికీ ఏ వేదాంత భేదమూ కనిపించలేదు. దోమలు మాత్రం విపరీతం. కాలువ గట్టు కదా, నిర్వాహకులను అనుకుని ప్రయోజనం లేదు. నోట్సు పుస్తకంలో అచ్చుతప్పులు చాలా ఉన్నాయి. ఒకచోట ‘అవివేకులైన’ అన్న మాట ‘వివేకులైన’ అని పడింది. గలతీయులు అంత తేలికగా తప్పించుకోవడం ఆ ఒక్క పేజీలోనే జరిగి ఉంటుంది.

బోధకుడు సెమినరీలో చాలాకాలం గ్రీకు చెప్పి రిటైరైన పెద్దాయన. సన్నగా ఉంటారు, కూర్చునే బోధిస్తారు, మైకును దూరంగా పెట్టుకుంటారు. శుక్రవారం ఉదయం మొదటి కూడికలో ఆయన చేసిన పని చాలా చిన్నది. పౌలు పత్రికల ఆరంభాలను ఒకదాని తర్వాత ఒకటి మా చేత చదివించారు. రోమీయులకు కృతజ్ఞతాస్తుతి ఉంది, ఫిలిప్పీయులకు ఉంది, ఇంటిపోరుతో చీలిపోయిన కొరింథీయులకు కూడా ఉంది. గలతీయులకు లేదు. శుభవచనం కాగానే ‘ఆశ్చర్యమగుచున్నది’ అంటూ నేరుగా గొడవలోకి దిగుతాడు. కొరింథులో వ్యభిచారం గురించి విన్నప్పుడు కూడా మానని మర్యాదను, సున్నతి పొందితేనే సంపూర్ణ భక్తులవుతారని నమ్మబోతున్న మంచివాళ్ల విషయంలో పౌలు ఎందుకు మానేశాడు? ఈ ప్రశ్న వేసి ఆయన పది నిమిషాలు మౌనంగా కూర్చున్నారు. మన కూడికల్లో పది నిమిషాల మౌనం ఎంత అరుదో తెలిసినవారికి ఆ ధైర్యం అర్థమవుతుంది. వెనకాల కీబోర్డు వాయించే కుర్రాడు రెండుసార్లు చెయ్యి చాపి వెనక్కి తీసుకున్నాడు.

అప్పుడు మూడో అధ్యాయం మూడో వచనం చదివించారు: ‘మీరింత అవివేకులైతిరా? మొదట ఆత్మానుసారముగా ఆరంభించి, యిప్పుడు శరీరానుసారముగా పరిపూర్ణులగుదురా?’ మనం సాధారణంగా ఈ పత్రికను రక్షణ ఎలా కలుగుతుందన్న ప్రశ్నకు జవాబుగా చదువుతాం. క్రియల వల్ల కాదు, విశ్వాసం వల్ల అని చెప్పి పుస్తకం మూసేస్తాం. ఈ మాటలు విన్నవాళ్లు అప్పటికే నమ్మినవాళ్లు, బాప్తిస్మం పొందినవాళ్లు, ఆత్మను పొందినవాళ్లు. వాళ్ల సమస్య గుమ్మం దాటడం గురించి కాదు, ఇంట్లో కాపురం చెయ్యడం గురించి. ఇక్కడ ‘శరీరము’ అంటే తాగుడూ జూదమూ అని కాదు, ప్రార్థన గంటలు లెక్కపెట్టే భక్తి కూడా శరీరమే కావచ్చునని ఆయన మామూలు గొంతుతో అన్నప్పుడు, నా సంచిలో ఉన్న టిక్కుల పట్టిక నాకు గుర్తొచ్చింది.

నన్ను ఎక్కువగా పట్టుకున్నది మధ్యాహ్నపు కూడిక, అబ్రాహాము మీద. దేవుడు వాగ్దానం చేసిన కొడుకు ఎంతకీ పుట్టకపోతే, శారా తన దాసి హాగరును భర్త అబ్రాహాముకు ఇచ్చి ఇష్మాయేలును కనిపించిన కథను మనం శారా అసూయ కథగానో, అబ్రాహాము బలహీనత కథగానో వింటాం. ఆయన వయసులు మాత్రమే బోర్డు మీద రాశారు: ఇష్మాయేలు పుట్టినప్పుడు 86, శారాకు ఇస్సాకు పుట్టినప్పుడు 100. 86కూ 99కీ మధ్య ఆదికాండము ఏమీ చెప్పదు. పదహారో అధ్యాయం చివరి వచనానికీ పదిహేడో అధ్యాయం మొదటి వచనానికీ నడుమ పదమూడేళ్లు గడిచిపోతాయి. ఆ పదమూడేళ్లు అబ్రాహాము ఇంట్లో ఒక కొడుకు ఆడుకుంటున్నాడు, ముద్దొస్తున్నాడు, వాగ్దానం నెరవేరినట్టే ఉంది. ఇష్మాయేలు అవిశ్వాసం వల్ల పుట్టినవాడు కాదు; దేవుడు చెప్పిన మాట నిజమని నమ్మి, దాన్ని జరిపించే బాధ్యత తమదే అనుకున్నవాళ్లకు పుట్టినవాడు. అందుకే పౌలు నాలుగో అధ్యాయంలో అతన్ని ‘శరీరమునుబట్టి’ పుట్టినవాడు అంటాడు. ఈ వివరణ నేను లోగడ విననిది. దేవుడు హాగరును ఎడారిలో విడిచిపెట్టలేదని, ఆమె మొర విన్నాడని కూడా ఆయన మరిచిపోకుండా చెప్పారు. అది చెప్పకపోతే ఈ పాఠం ఒక దాసి మీద జరిగిన అన్యాయానికి సాకు అవుతుంది.

సాయంత్రం కూడికలో ఒక పోలిక తెచ్చారు. ద్వితీయోపదేశకాండము పదకొండో అధ్యాయంలో మోషే ఐగుప్తు భూమికీ కనాను భూమికీ తేడా చెబుతాడు: అక్కడ మీరు కాళ్లతో నీళ్లు కట్టుకున్నారు, ఇక్కడి నేల ఆకాశపు వాన తాగుతుంది అని. కాళ్లతో నీళ్లు కట్టడం అంటే ఏమిటో ఈ జిల్లా వాళ్లకు వేరే చెప్పాలా, మీ ముత్తాతలు ఏతం దూలం మీద అటూ ఇటూ నడిచి తోడినవే ఆ నీళ్లు అన్నారు. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర 1847లో మొదలుపెట్టిన ఆనకట్ట 1852లో పూర్తయ్యాక, కాలువలు పారిన ఊళ్లలో రైతు చెయ్యవలసింది తూము తీయడం. తూము తీసినవాడు నీళ్లను సృష్టించడు, కానీ తీయకపోతే చేను తడవదు. విశ్వాసం అంటే ఆ తూము తీయడమే. దుక్కీ నాట్లూ కలుపుతీతా ఎక్కడికీ పోవు, ఎవరి పని వాళ్లకు ఉంటుంది, కాని ఆ పనిలో నీళ్లు పుట్టించే భారం ఉండదు అని వివరించారు. ఇంగ్లీషు పుస్తకాల్లోంచి ఎత్తి తెచ్చిన రైలింజన్ల, విమానాల దృష్టాంతాలు విని విసిగిన చెవులకు ఇది హాయిగా ఉంది.

అప్పుడు వెనక వరుసలోంచి ఒక రైతు లేచాడు. ‘ఆయ్, బాగానే చెప్పారండి అయ్యగారూ. కానీ మాది శివారు భూమండి. లాకుల దగ్గర కాలువ నిండుగానే ఉంటదండి, దాళ్వాలో (రెండో పంటకు) వంతులు పెట్టాక మా తూముదాకా చుక్క రాదండి. తూము తీసే ఉంచామండి.’ హాలంతా నవ్వింది. బోధకుడు నవ్వలేదు, రైతూ నవ్వలేదు. తర్వాత తెలిసింది, ఆ మనిషి కొడుకు మంచాన పడి మూడేళ్లయిందట, ప్రార్థించని సంఘం లేదట. బోధకుడు కాసేపు ఆగి, ‘దీనికి నా దగ్గర జవాబు లేదండీ. మీరు తూము సరిగ్గా తీయలేదని మాత్రం నేను అనను. అలా ఎవరైనా అంటే వాళ్ల మాట వినకండి’ అన్నారు. ఆ రోజు బోధకు నేను ఐదుకు ఐదు వేస్తున్నది ముఖ్యంగా ఈ రెండు మూడు వాక్యాలకు. స్వస్థత జరగకపోతే నీ విశ్వాసం చాలలేదని రోగినే దోషిని చేసే అలవాటు మనలో బాగా ముదిరింది. విశ్వాసాన్నే ఒక క్రియగా, దాని పరిమాణాన్ని బట్టి కూలి ఇచ్చే పనిగా మార్చడం గలతీయుల పొరపాటుకు మరో రూపమేనని నాకు అనిపించింది.

దీనికి దగ్గరి ప్రశ్నే శనివారం ఉదయం ఒక అమ్మగారు అడిగారు: షుగరు మాత్రలు వేసుకోవడం విశ్వాసం లేకపోవడం కిందికి వస్తుందా, మా ఊళ్లో ఒకాయన మానేయమన్నారు అని. బోధకుడు ఈసారి ఆగలేదు, కొంచెం కోపంగానే మాట్లాడారు. పౌలు తిమోతికి కడుపు జబ్బుకు ద్రాక్షారసం కొంచెం పుచ్చుకోమని రాశాడు, లూకాను ప్రియమైన వైద్యుడని పిలిచాడు. గలతీ పత్రికలో ‘క్రియలు’ అంటే దేవుని ఎదుట నీతిని సంపాదించుకోవడానికి చూపించే క్రియలు, మాత్ర మింగడం ఎవరూ నీతి కోసం చెయ్యరు, కాబట్టి ఈ రోజు మధ్యాహ్నం మరచిపోకుండా వేసుకోండి అన్నారు. ఆమె సంచిలోంచి మాత్రల డబ్బా తీసి పక్కావిడకు చూపించి, ‘చూశావా’ అంది.

మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీ మీద చేసిన కూడిక చక్కగా సాగింది. ఆక్స్‌ఫర్డులో స్నేహితులతో కలిసి బుధవారం, శుక్రవారం ఉపవాసాలు, జైలు సందర్శనలు, నిమిషాల లెక్క; 1728లో గురువుగా అభిషేకం; 1735లో జార్జియాకు ప్రయాణం; 1736 జనవరిలో నడిసముద్రంలో తుఫాను వస్తే తాను వణికిపోతుండగా మొరేవియన్లు అనే జర్మన్ ప్రొటెస్టెంటు శాఖవారు పిల్లాపాపలతో కీర్తనలు పాడుతూ కూర్చోవడం. ఇంగ్లండుకు తిరిగి వచ్చాక, నాకు విశ్వాసం లేదు కాబట్టి బోధించడం మానేస్తానంటే, విశ్వాసం వచ్చేవరకు విశ్వాసాన్నే బోధించు, వచ్చాక వచ్చింది కాబట్టి బోధిస్తావు అని మొరేవియన్ బోధకుడు పీటర్ బోలర్ ఇచ్చిన సలహా. చివరకు 1738 మే 24న లండన్ ఆల్డర్స్‌గేట్ వీధిలో, రోమా పత్రికకు లూథర్ వ్రాసిన ముందుమాటను ఎవరో చదువుతుంటే, రాత్రి తొమ్మిదికి పావుగంట ముందు, తన హృదయం వింతగా వెచ్చబడిందని ఆయన తన దినచర్యలో రాసుకున్నాడు. గుంటూరు లూథరన్‌గా ఇక్కడ నేను కొంత గర్వపడ్డాను, కృప గురించిన బోధలో గర్వపడకూడదని గుర్తొచ్చి మానుకున్నాను. అయితే ఆ తర్వాత కూడా వెస్లీ జీవితాంతం తెల్లవారుజామున నాలుగింటికే లేచేవాడని, ఐదింటికి ప్రసంగించేవాడని చెప్పి కూడిక ముగించారు. నాలుగింటి అలారం విషయంలో నాకు దొరుకుతుందనుకున్న ఓదార్పు అలా చేజారింది.

యాకోబు పత్రిక మీద కూడిక నిరాశపరిచింది. తప్పు బోధకుడిది కాదు. గంటన్నర కేటాయించిన కూడికకు, దాని ముందు జరిగిన పాటల పోటీ పుణ్యమా అని ఇరవై అయిదు నిమిషాలు మిగిలాయి. క్రియలు లేని విశ్వాసం మృతమైనదన్న యాకోబు మాటను, 1522లో లూథర్ ఆ పత్రికను గడ్డి పత్రిక అన్న సంగతిని, పౌలు చూపించే అబ్రాహాము దేవుని మాట నమ్మిన ఆదికాండము 15వ అధ్యాయంలోనివాడైతే యాకోబు చూపించేవాడు ఇస్సాకును బలిపీఠం ఎక్కించిన 22వ అధ్యాయంలోనివాడన్న కీలకాన్ని, అన్నీ పరుగున చెప్పవలసి వచ్చింది. ఈ మూడు రోజుల బోధ విని, ఇక ఏమీ చెయ్యనక్కరలేదని ఇంటికి వెళ్లేవారు ఉంటారు కదా. వాళ్లకు ఈ కూడికే అవసరం. ప్రేమవలన పనిచేసే విశ్వాసం గురించి గలతీ పత్రిక అయిదో అధ్యాయంలోనే ఉన్న మాట దగ్గర ఆయన ఒక్క నిమిషం ఆగి ఉంటే, భోజనం గంట పది నిమిషాలు ఆలస్యమైనా నేను అభ్యంతరపెట్టేవాణ్ణి కాదు.

ఇక శనివారం రాత్రి. గోదావరి డెల్టాకు విశ్వాస జీవితంతో ఉన్న పాత బంధుత్వాన్ని బోధకుడు ఆ రాత్రికి దాచిపెట్టుకున్నారు. 1836లో, అంటే కాటన్ ఆనకట్ట మొదలుకావడానికి పదకొండేళ్ల ముందు, ఇంగ్లండు డెవన్ ప్రాంతం నుంచి బౌడెన్, బీర్ అనే ఇద్దరు మిషనరీలు తమ భార్యలతో సహా ఈ తీరానికి వచ్చారు. జీతం ఇచ్చే సొసైటీ ఏదీ వాళ్ల వెనక లేదు. వాళ్లను వెంటబెట్టుకొచ్చిన ఆంథొనీ నారిస్ గ్రోవ్స్, బ్రిస్టల్‌లో అనాథాశ్రమాలు నడిపిన జార్జ్ ముల్లర్‌కు బావమరిది. ఆ ముల్లర్ 1836లో అద్దె ఇంట్లో మొదలుపెట్టి, 1898లో చనిపోయేనాటికి దాదాపు 10,000 మంది పిల్లలను పెంచాడు. ఎవరినీ డబ్బు అడగకూడదని నియమం పెట్టుకున్నాడు. ఆయన ఏటా అచ్చువేసిన నివేదికలు కూడా ఒకరకమైన అడగడమే కదా అని విమర్శించినవాళ్లు ఉన్నారు. ఆ విమర్శను బోధకుడు దాచలేదు. దానికి జవాబుగా 1841 చివర డబ్బుకు బాగా కటకటగా ఉన్నప్పుడు, అవసరం చూపించి రాబట్టుకున్నట్టు అవుతుందని ముల్లర్ ఆ నివేదికను కొన్ని నెలలు వాయిదా వేసుకున్న సంగతి చెప్పారు. హాలు నిశ్శబ్దమైపోయింది.

ఆ నిశ్శబ్దంలో నిర్వాహకుల్లో ఒకరు మైకు అందుకుని, కొత్త డైనింగ్ హాలు శ్లాబుకు ఎంత తక్కువ పడిందో చెప్పడం మొదలుపెట్టారు. తెర మీద క్యూఆర్ కోడ్ వెలిగింది. పదివేలు ఇచ్చేవాళ్లు లేవండి, ఐదువేలు ఇచ్చేవాళ్లు చేతులెత్తండి, దేవుడు ఇప్పుడే ఎవరితోనో మాట్లాడుతున్నాడు. గడియారం చూసుకున్నాను, పాతిక నిమిషాలు. అవసరాన్ని చెప్పి కానుక అడగడం పాపం కాదు. పౌలు కూడా యెరూషలేము పేదల కోసం చందా అడిగాడు. కానీ ముల్లర్ కథ ముగిసిన నలభయ్యో సెకనులో కాదు. బోధకుడు ముందు వరుసలో తల వంచుకుని కూర్చున్నారు.

ఆదివారం ఉదయం తీర్మాన పత్రాలు పంచారు. లేత గులాబీ రంగు కార్డు, పేరు, ఫోను నంబరు, దాని కింద ఏడు గళ్లు: రోజుకు గంట ప్రార్థిస్తాను, వారానికి ఒక పూట ఉపవాసం ఉంటాను, దశమభాగం తప్పక ఇస్తాను, నెలకు ఒక ఆత్మను సంపాదిస్తాను (అంటే ఒకరిని విశ్వాసంలోకి తెస్తాను), ఇలా. టిక్కు పెట్టి సంతకం చేసి వాలంటీరుకు ఇవ్వాలి. ఇందులో ఏ ఒక్కటీ చెడ్డ పని కాదు, సగం నేను చేస్తున్నవే. ఆత్మానుసారముగా ఆరంభించి శరీరానుసారముగా పరిపూర్ణులగుదురా అని మూడు రోజులు అడిగి, నాలుగో పొద్దున అవునని సంతకం పెట్టమంటే ఎలా? నేను కార్డు బైబిల్లో పెట్టుకుని ఊరుకున్నాను. కాసేపటికి మైకులో ప్రకటన వచ్చింది: ‘ప్రైజ్ ది లార్డ్, అరవై రెండు మందిలో అరవై ఒక్క కార్డులు వచ్చేశాయి, ఇంకా ఒక్కరు ఇవ్వాలి.’ బ్యాంకులో లెక్క తేడా వస్తే ఆ రాత్రి ఇంటికి వెళ్లనివ్వని మేనేజరు ముఖం గుర్తొచ్చింది.

బయల్దేరేముందు బోధకుడి దగ్గర సెలవు తీసుకుంటూ, ‘ఆ కార్డులు మీ ఆలోచనేనా అయ్యగారూ?’ అని అడిగేశాను. ‘కాదండీ’ అని, నా బైబిల్లోంచి తొంగిచూస్తున్న గులాబీ అంచును చూసి, ‘ఆ ఒక్కరు మీరేనా?’ అన్నారు. అవునన్నాను. ‘ఇవ్వనందుకు నీతిమంతుణ్ణి అనుకోకండి మరి’ అని నవ్వారు. ఆ మాట బస్సులో భీమవరం దాటేదాకా గుచ్చుతూనే ఉంది, ఎందుకంటే అప్పటికి నేను అదే అనుకుంటున్నాను.

ఇంటికి వచ్చాక అలారం తీసేశానని రాయాలని ఉంది. ఐదింటికి మార్చాను, అంతే. టిక్కుల పట్టిక మాత్రం చింపేశాను. గలతీ పత్రికను మూడోసారి చదువుతున్నాను, ఎన్నో రోజో లెక్క రాయకుండా.

1,800 రూపాయలకు ఈ బోధ చవకే. అదే బోధకుడు వస్తున్నాడని తెలిస్తే మళ్లీ వెళ్తాను. మీరు వెళ్లదలిస్తే, డబ్బు కట్టేముందు బోధించేది ఎవరో, రోజుకు ఎన్ని కూడికలో ఫోనులో అడిగి తెలుసుకోండి. పాటల పోటీ ఉందేమో కూడా అడగండి. కాలువ వైపు గదులు కాకుండా రోడ్డు వైపువి ఇమ్మనండి, దోమతెర మాత్రం మీదే తీసుకెళ్లండి. ఆదివారం మధ్యాహ్నం పాలకొల్లు వైపు ఆటోలు తక్కువ, భోజనానికి ముందే ఒకదాన్ని మాట్లాడుకోవడం మంచిది.